ఇంటర్ఫెరాన్ జన్యువులకు ఇంట్రాన్లు ఉన్నాయా, లేవా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఇంటర్ఫెరాన్ జన్యువులు 9వ క్రోమోజోమ్ మీద ఉంటాయని, వాటికి ఇంట్రాన్లు ఉండవని ఒక పుస్తకంలో చదివాను. ఇంకో దాంట్లో 12వ క్రోమోజోమ్, నాలుగు ఎక్సాన్లు అని ఉంది. మూడో చోట 21 అన్నారు. వీటిలో ఏది నిజం? ఆల్ఫాకి అన్ని జన్యువులు ఎందుకు? ఇంట్రాన్లు లేకపోతే లాభమేంటి?"

ముందు రెండు మాటలు: జన్యువు నుంచి ఆర్ఎన్ఏ నకలు తీశాక కోసి పారేసే మధ్య ముక్కలు ఇంట్రాన్లు, ఉంచి అతికేవి ఎక్సాన్లు, ఆ కోత-అతుకు పనే స్ప్లైసింగ్. మీరు చదివిన మూడూ నిజమే. కాకపోతే మూడూ వేర్వేరు జన్యువుల సంగతి. 21 అన్నది మాత్రం అసలు ఇంటర్ఫెరాన్ జన్యువు గురించే కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గందరగోళమంతా పేరుతోనే మొదలైంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఈ పదార్థాన్ని గుర్తించినప్పుడు వాళ్లకు తెలిసింది ఒక్కటే: ఒక వైరస్ తగిలిన కణాలు ఏదో విడుదల చేస్తున్నాయి, అది మిగతా కణాల్లో వైరస్ పెరగకుండా అడ్డుపడుతోంది. అడ్డుపడుతుంది కాబట్టి ఇంటర్ఫెరాన్ అన్నారు. అంటే చేసే పనిని బట్టి పెట్టిన పేరే గానీ, వంశాన్ని బట్టి పెట్టింది కాదు. తర్వాత జన్యువులు చేతికి చిక్కాక చూస్తే అందులో మూడు కుటుంబాలు తేలాయి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే తల్లి పిల్లలు కారు కదా. అందుకే "ఇంటర్ఫెరాన్ జన్యువు నిర్మాణం రాయండి" అని ఎవరైనా అడిగితే, ఏ ఇంటర్ఫెరాన్ అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. మొదటి రకంలో ఆల్ఫా, బీటా, ఒమేగా, ఎప్సిలాన్, కప్పా ఉన్నాయి. ఇవి 9వ క్రోమోజోమ్ మీద. రెండో రకంలో గామా ఒక్కటే, 12వ దాని మీద. మూడో రకం లామ్డాలు, 19వ దాని మీద.

ఇక 21 సంగతి. 1970ల్లో మనిషి కణాన్ని, ఎలుక కణాన్ని కలిపి సంకర కణాలు తయారుచేసేవాళ్లు. అవి విభజన చెందుతూ పోతుంటే మనిషి క్రోమోజోములు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఏది మిగిలితే ఏ గుణం మిగిలిందో చూసి ఏ జన్యువు ఎక్కడుందో పట్టేవాళ్లు. మనిషి ఇంటర్ఫెరాన్‌కు స్పందించాలంటే ఆ కణంలో 21వ క్రోమోజోమ్ ఉండి తీరాలని 1973లోనే తేలింది. కారణం తర్వాత తెలిసింది: మొదటి రకం ఇంటర్ఫెరాన్ వచ్చి కూర్చునే రిసెప్టర్ రెండు ముక్కల జన్యువులూ 21 మీదే దగ్గర దగ్గరగా ఉన్నాయి. గామా రిసెప్టర్‌లో ఒక ముక్క, లామ్డా రిసెప్టర్‌లో ఒక ముక్క కూడా అక్కడే. అంటే 21 మీద ఉన్నది తాళం, తాళంచెవి 9 మీద ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో 21 మూడు ప్రతులు ఉంటాయి కాబట్టి వాళ్ల కణాలు ఇంటర్ఫెరాన్‌కు మామూలు కంటే గట్టిగా స్పందిస్తాయి.

ఇప్పుడు అసలు కథ జరిగే చోటికి, 9వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీది 21 అనే పట్టీకి వద్దాం. (ఈ 21 క్రోమోజోమ్ నంబర్ కాదు, పట్టీ నంబర్. ఇదొక అదనపు తలనొప్పి.) ఇక్కడ సుమారు 4 లక్షల బేసుల (డీఎన్ఏ అక్షరాల) నిడివిలో మొదటి రకం జన్యువులు వరసగా ఉన్నాయి. క్రోమోజోమ్ కొస వైపు చివర్లో బీటా, సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) వైపు చివర్లో ఎప్సిలాన్, మధ్యలో ఒమేగా, ఆల్ఫాలు. వాటి సందుల్లో పనిచేయని నకళ్లు, అంటే సూడోజీన్లు చాలానే ఉన్నాయి. ఇంటర్ఫెరాన్‌తో ఏ సంబంధమూ లేని కేఎల్‌హెచ్ఎల్9 అనే జన్యువు కూడా అదే వరసలో ఇరుక్కుని కూర్చుంది. కప్పా ఒక్కటి మాత్రం గుంపు విడిచి సెంట్రోమియర్ వైపు ఇంకో 60 లక్షల బేసుల దూరాన ఒంటరిగా ఉంటుంది. పనిచేసే ఆల్ఫా జన్యువులు 13. వాటికి మిగతా నాలుగూ కలిపితే మొత్తం 17.

ఈ చోటు గురించి క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. కణితులను అణిచే సీడీకేఎన్2ఏ జన్యువు ఎప్సిలాన్‌కు 5 లక్షల బేసుల దూరంలోనే ఉంది. చాలా కణితుల్లో ఆ జన్యువు రెండు ప్రతులూ తెగిపోతాయి. తెగిన ముక్క పెద్దదైతే దాంతోపాటు ఇంటర్ఫెరాన్ గుంపు కూడా ఊడిపోతుంది. కొన్ని లుకేమియా కణాలు ఎంత వైరస్ పెట్టినా ఆల్ఫా ఎందుకు చేయవంటే, చేయడానికి వాటి దగ్గర జన్యువే లేదు. మీరు ఏదైనా కణాల మీద ఇంటర్ఫెరాన్ ప్రయోగం మొదలుపెట్టే ముందు ఆ కణాల్లో ఈ భాగం ఉందో లేదో చూసుకోండి. నెలల శ్రమ మిగులుతుంది.

ఆల్ఫా నంబర్లు చూస్తే ఎవరికైనా చిరాకు వస్తుంది. 1, 2, 4, 5, 6, 7, 8, 10, 13, 14, 16, 17, 21. మధ్యలో మిగతావి ఏమయ్యాయి? కొన్ని నంబర్లు సూడోజీన్లకు పోయాయి. మరికొన్ని విషయంలో, వేర్వేరు అనుకున్నవి తీరా చూస్తే ఒకటేనని తేలింది. 1980 ప్రాంతంలో జ్యూరిక్‌లో చార్లెస్ వైస్‌మన్ బృందం అంకెలు పెట్టుకుంటూ పోయింది, అమెరికాలో జెనెంటెక్ వాళ్లు అక్షరాలు పెట్టారు. వాళ్ల "ఏ" అంటే వీళ్ల ఆల్ఫా-2, వాళ్ల "డి" అంటే వీళ్ల ఆల్ఫా-1. పాత పేపర్లు చదివేటప్పుడు ఇది పక్కన రాసి పెట్టుకోండి. ఇంకో మెలిక ఉంది. ఆల్ఫా-1, ఆల్ఫా-13 రెండు వేర్వేరు జన్యువులైనా వాటి నుంచి బయటికొచ్చే ప్రోటీన్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అందుకే జన్యువులు 13 అయినా ప్రోటీన్లు 12. పరీక్షలో ఏ సంఖ్య రాసినా, అది జన్యువుల లెక్కా ప్రోటీన్ల లెక్కా అన్నది కూడా రాయండి.

దీనికి సరిగ్గా తిరగేసిన పొరపాటు ఆల్ఫా-2ఏ, ఆల్ఫా-2బి విషయంలో చేస్తారు. మందుల పేర్లు వేరు కదా అని ఇవి రెండు జన్యువులనుకుంటారు. కావు. ఒకే జన్యువుకు రెండు రూపాలు. ప్రోటీన్‌లో 23వ స్థానంలో ఉండే అమైనో ఆమ్లం 2ఏకి లైసిన్, 2బికి ఆర్జినిన్. తేడా అంతే. 1986లో రెండూ మందులుగా అనుమతి పొందాయి.

ఇన్ని ఆల్ఫాలు ఎందుకంటే, ఒక జన్యువు పక్కనే దాని నకలు ఏర్పడటం, ఆ నకలుకు మళ్లీ నకలు, ఇలా పెరిగాయి. అవి ఒకదానికొకటి ఎంత దగ్గరంటే వరసలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి చేరి సరిదిద్దుకోవడం కూడా జరిగింది. "అన్నీ ఒకే రిసెప్టర్ మీద కూర్చుంటాయి కదా, అన్నెందుకు" అనేది న్యాయమైన ప్రశ్నే. దానికి పూర్తి జవాబు ఉందని నేను నటించను. కానీ ఒక సూచన ఉంది. వివిధ ప్రాంతాల మనుషుల్లో ఈ జన్యువులను పోల్చి 2011లో చేసిన అధ్యయనంలో ఆల్ఫా-6, 8, 13, 14 లాంటివి మార్పును దాదాపు సహించడం లేదని తేలింది. ఆల్ఫా-10, ఎప్సిలాన్‌లలో మాత్రం ప్రోటీన్‌ను పాడుచేసే మ్యుటేషన్లు ఉన్నవాళ్లు చాలామంది మామూలుగానే తిరుగుతున్నారు. కాబట్టి పదమూడూ సమానం కాదు. కొన్ని తప్పనిసరి, కొన్ని పోయినా నడుస్తుంది. రిసెప్టర్‌కు అంటుకునే గట్టితనంలో కూడా వీటి మధ్య తేడాలు ఉన్నాయి.

ఇక ఇంట్రాన్లు. బీటా జన్యువునే తీసుకోండి. ప్రోటీన్ 187 అమైనో ఆమ్లాలు. అందులో మొదటి 21 సిగ్నల్ పెప్టైడ్, అంటే కణం బయటికి పంపేటప్పుడు కోసేసే ముందు తునక. మిగిలిన 166 అసలు ప్రోటీన్. 187ని మూడుతో గుణించి, ఆపే సంకేతానికి ఇంకో మూడు కలపండి. 564 బేసులు. జన్యువు మొత్తం నిడివి చూస్తే సుమారు 840. అంటే ముందూ వెనకా కాస్త అంచు తప్ప జన్యువంతా సరుకే. ఇప్పుడు గామా చూడండి. ప్రోటీన్ 166 అమైనో ఆమ్లాలు, కోడ్ చేసే భాగం 501 బేసులు. జన్యువు మాత్రం దాదాపు 5 వేల బేసులు, నాలుగు ఎక్సాన్లు, మూడు ఇంట్రాన్లు. చిన్న ప్రోటీన్‌కే ఆరు రెట్లు పెద్ద జన్యువు. "ఇంట్రాన్లు లేవు" అన్న వాక్యం ఆల్ఫా, బీటా, ఒమేగా, ఎప్సిలాన్‌లకు నిజం. కప్పాకు ఒక ఇంట్రాన్ ఉంది. గామాకు, లామ్డాలకు ఆ వాక్యం పనికిరాదు.

ఇదేదో పరీక్షకు బట్టీ పట్టే విషయం అనుకుంటే పొరపాటు. ల్యాబ్‌లో దీని దెబ్బ నేను స్వయంగా తిన్నాను. కొత్తలో బీటా మెసెంజర్ ఆర్ఎన్ఏ కొలవడానికి పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కను లక్షల రెట్లు పెంచే పద్ధతి) పెట్టాను. వైరస్ పెట్టని కణాల్లో కూడా చక్కటి సిగ్నల్ వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది. వైరస్ లేకుండానే బీటా తయారవుతోందని సంబరపడిపోయి స్లైడ్లు కూడా సిద్ధం చేసుకున్నాను. పక్క బెంచీలో పనిచేసే సీనియర్ ఒకావిడ వచ్చి, "రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయకుండా ఒక ట్యూబు పెట్టావా?" అని అడిగింది. పెట్టలేదు. అది ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే ఎంజైమ్, అది వేయకపోతే ఆర్ఎన్ఏ నుంచి సిగ్నల్ రాకూడదు. ఆ ట్యూబు పెట్టి చూస్తే అందులోనూ అదే సిగ్నల్. నేను కొలిచింది ఆర్ఎన్ఏని కాదు, ఆర్ఎన్ఏలో మిగిలిపోయిన కణపు డీఎన్ఏని.

ఎందుకిలా జరుగుతుందంటే, ఇంట్రాన్లున్న జన్యువుకైతే ప్రైమర్లను (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్ఏ ముక్కలను) రెండు వేర్వేరు ఎక్సాన్లలో పెడతాం. డీఎన్ఏ నుంచి వచ్చే ముక్కలో ఇంట్రాన్ కూడా ఉంటుంది కాబట్టి అది పెద్దదిగా వస్తుంది, లేదా అసలు రాదు. దొంగ దొరికిపోతాడు. బీటాకి ఆ కాపలా లేదు. డీఎన్ఏలో ఉన్న వరసా, ఆర్ఎన్ఏ నుంచి చేసిన సీడీఎన్ఏలో ఉన్న వరసా ఒకటే, పొడవూ ఒకటే. పైగా వైరస్ తగలని కణంలో బీటా ఆర్ఎన్ఏ దాదాపు సున్నా, డీఎన్ఏ ప్రతులు మాత్రం కణానికి రెండు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి కొద్ది కల్తీ కూడా కొండలా కనిపిస్తుంది. ఆల్ఫా, బీటాలు కొలిచేటప్పుడు ఆర్ఎన్ఏని డీఎన్ఏజ్‌తో (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్‌తో) శుభ్రం చేయండి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబు ప్రతి నమూనాకూ పెట్టండి. ఆల్ఫాలతో ఇంకో చిక్కు ఉంది. అవి ఒకదానికొకటి అంతగా పోలి ఉంటాయి కాబట్టి ఒక ప్రైమర్ జత నాలుగైదింటిని పట్టుకుంటుంది. ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌లో కూడా ఒక చిన్న రీడ్ (చదివిన ముక్క) ఏ ఆల్ఫాదో సాఫ్ట్‌వేర్ తేల్చలేక వదిలేస్తుంది, లేదా ఇష్టమొచ్చినట్టు పంచేస్తుంది. ఆల్ఫా-1, 13 ప్రోటీన్ స్థాయిలో ఒకటే అని చెప్పానుగా, వాటిని విడదీసి చూపించామని ఎవరైనా అంటే ఎలా చేశారో పద్ధతుల భాగంలో వెతకండి.

లాభమేంటి అన్నారు. ఇక్కడ చాలామంది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తారు. "వేగం కోసం ఇంట్రాన్లు వదిలేసింది" అని రాస్తారు. జన్యువు ఏదీ ముందు ఆలోచించి వదిలేయదు. చేపల్లో ఇదే కుటుంబపు జన్యువులకు నాలుగు ఇంట్రాన్లు, ఐదు ఎక్సాన్లు ఉంటాయి. పక్షుల్లో, పాలిచ్చే జంతువుల్లో దాదాపు ఉండవు. దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, పాత పూర్వీకుల్లో ఎక్కడో ఒకసారి, అప్పటికే స్ప్లైసింగ్ అయిపోయిన ఒక మెసెంజర్ ఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏగా మారి క్రోమోజోమ్‌లోకి దూరింది. అలా దూరినవి మామూలుగా ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలుపెట్టించే ముందు భాగం) లేక చచ్చిపోయి సూడోజీన్లవుతాయి. ఇది బతికింది, పిల్లల్ని పెట్టింది, పాతదాని స్థానం తీసుకుంది.

యాదృచ్ఛికంగా జరిగినా తర్వాత కలిసొచ్చింది, ఇది నా అభిప్రాయం. కొన్ని వైరస్‌లు కణపు స్ప్లైసింగ్ యంత్రాంగం మీదే దాడి చేస్తాయి. హెర్పిస్ వైరస్ ప్రోటీన్ ఐసీపీ27 చేసే పనుల్లో అదొకటి. స్ప్లైసింగే అక్కర్లేని జన్యువుకు ఆ దాడి తగలదు. వేడి తగిలినప్పుడు ఒక్కసారిగా పనిచేయాల్సిన హెచ్ఎస్‌పీ70 జన్యువుల్లో కొన్నింటికి, సీ-జున్ జన్యువుకు కూడా ఇంట్రాన్లు లేకపోవడం చూస్తే అత్యవసరంగా పిలిచేవాటికి ఈ నిర్మాణం బాగా నప్పుతుందనిపిస్తుంది. కానీ నష్టమూ ఉంది. మామూలుగా స్ప్లైసింగ్ జరిగిన ఆర్ఎన్ఏకే కేంద్రకం నుంచి బయటికి వెళ్లే అనుమతి సులువుగా దొరుకుతుంది. ఇవి ఆ దారిలో వెళ్లవు కాబట్టి, ఆల్ఫా-1, బీటాల కోడింగ్ వరసలోనే బయటికి పంపే సంకేతం ఇమిడి ఉంది. అంటే ఆ బేసులు రెండు పనులు చేస్తున్నాయి, ఒకటి ప్రోటీన్‌కు, రెండోది రవాణాకు. అలాగే ఆర్ఎన్ఏ తోక భాగంలో ఏ, యూ అక్షరాలు గుంపులుగా ఉంటాయి. అవి "నన్ను త్వరగా నాశనం చెయ్యి" అని చెప్పే గుర్తు. ఇంటర్ఫెరాన్ ఎక్కువసేపు తయారైతే ఒంటికే చేటు, అందుకే పుట్టుకతోనే ఆయుష్షు తక్కువ రాసిపెట్టి ఉంది.

ఇంట్రాన్ల గొడవలో పడి జనం మర్చిపోయేది ప్రమోటర్. నన్నడిగితే బీటా జన్యువులో అసలు అందం అక్కడే ఉంది. జన్యువు మొదలయ్యే చోటుకు ముందు, సుమారు మైనస్ 102 నుంచి మైనస్ 47 వరకు, 55 బేసుల చిన్న తునక. దాని మీద జన్యువును మేల్కొలిపే ఎనిమిది ప్రోటీన్లు కూర్చుంటాయి: ఒక ఏటీఎఫ్-2, ఒక సీ-జున్, నాలుగు ఐఆర్ఎఫ్‌లు, ఎన్ఎఫ్-కప్పాబి జంట. స్ఫటిక నిర్మాణాలు చూస్తే ఆ తునకలో దాదాపు ప్రతి బేసూ ఏదో ఒక ప్రోటీన్‌తో ముట్టుకునే ఉంటుంది, ఖాళీ లేదు. దీన్ని ఎన్‌హాన్సియోసోమ్ అంటారు. వీటిలో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటే సరిపోదు, అన్నీ కలిసి రావాలి. వైరస్ వచ్చినప్పుడే ఈ మూడు రకాల ప్రోటీన్లనూ లేపే దారులు ఒకేసారి తెరుచుకుంటాయి కాబట్టి, మామూలు జ్వరానికో వాపుకో బీటా తలుపు తెరుచుకోదు. అన్నీ చేరాకే టాటా పెట్టెను (చదివే యంత్రాంగం వచ్చి దిగే చోటును) కప్పి ఉన్న న్యూక్లియోసోమ్, అంటే డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ ఉండ, పక్కకు జరుగుతుంది, అప్పుడు చదవడం మొదలు.

ఆల్ఫా ప్రమోటర్లు ఇంత గొప్పగా ఉండవు. ఎన్ఎఫ్-కప్పాబి చోటు వాటిలో లేదు, ఐఆర్ఎఫ్‌లు కూర్చునే చోట్లే ముఖ్యం. అందులోనూ ఐఆర్ఎఫ్-7 కావాలి, అది చాలా కణాల్లో ముందుగా పెద్దగా ఉండదు. అందుకే క్రమం ఇలా ఉంటుంది: వైరస్ రాగానే ఐఆర్ఎఫ్-3 లేచి బీటాను మొదలుపెడుతుంది, బీటా బయటికెళ్లి అదే కణం మీద, పక్క కణాల మీద రిసెప్టర్‌కు తగులుతుంది, దాంతో ఐఆర్ఎఫ్-7 తయారవుతుంది, అప్పుడు ఆల్ఫాలు వరసగా మేలుకుంటాయి. ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) మాత్రం ఐఆర్ఎఫ్-7ను ముందే నిల్వ ఉంచుకుంటాయి, అందుకే అవి కుప్పలుగా ఆల్ఫా చేయగలవు. ఎప్సిలాన్ ఈ క్రమంలో చేరదు. అది స్త్రీ జననేంద్రియ పొరల్లో వైరస్ లేకపోయినా, హార్మోన్ల మాట విని తయారవుతుంది.

గామా గురించి ఎక్కువ చెప్పను. అది టి కణాలు, ఎన్‌కే కణాలు అనే రోగనిరోధక కణాలు చేసేది. వరసలో గానీ ఆకారంలో గానీ ఆల్ఫాతో దగ్గరి పోలిక లేదు. క్రోమోజోమ్ మీద దాని పక్కింటివాళ్లు ఇంటర్ల్యూకిన్-26, 22 (ఇవీ రోగనిరోధక కణాల సందేశ ప్రోటీన్లే). మొదటి ఇంట్రాన్‌లో సీ-ఏ, సీ-ఏ అని పునరావృతమయ్యే తునక ఒకటి ఉంది. దాని పక్కనే 874వ స్థానంలో టి ఉందా ఏ ఉందా అన్నదాన్ని క్షయ పరిశోధనల్లో చాలాసార్లు కొలిచారు. ఇంట్రాన్ అంటే చెత్త అనుకునేవాళ్లకు చూపించదగ్గ ఉదాహరణ.

మూడో రకం 2003లో బయటపడింది. 19వ క్రోమోజోమ్ పొడుగు భుజం మీద లామ్డా-1, 2, 3, 4. వీటి విచిత్రం ఏమిటంటే పని మొదటి రకంలా చేస్తాయి, జన్యువు నిర్మాణం మాత్రం ఐదు ఎక్సాన్లతో ఇంటర్ల్యూకిన్-10 కుటుంబాన్ని పోలి ఉంటుంది. రిసెప్టర్‌లో ఒక ముక్కను కూడా ఆ కుటుంబంతోనే పంచుకుంటాయి. లామ్డా-2, 3 ప్రోటీన్లు 96 శాతం ఒకటే, కాబట్టి పైన చెప్పిన ప్రైమర్ల బాధ ఇక్కడా ఉంది.

లామ్డా-4 కథ తెలుసుకోండి. 2009లో హెపటైటిస్-సి రోగుల జీనోములు చూస్తే, లామ్డా-3కి ముందున్న ఒక బేసు తేడాను బట్టి చికిత్స ఎవరికి పనిచేస్తుందో చెప్పగలమని తేలింది. అందరూ అది లామ్డా-3 ప్రభావమే అనుకున్నారు. 2013లో చూస్తే ఆ బేసు ఉన్నది అంతవరకూ ఎవరికీ తెలియని ఒక జన్యువు మొదటి ఇంట్రాన్‌లో. అదే లామ్డా-4. దాని మొదటి ఎక్సాన్‌లో కొందరికి టీటీ అని రెండు బేసులు ఉంటాయి, కొందరికి వాటి బదులు ఒక్క జీ. జీ ఉంటే మూడేసి అక్షరాలుగా చదివే చట్రం సరిపోయి ప్రోటీన్ తయారవుతుంది. టీటీ ఉంటే చట్రం తప్పి ప్రోటీన్ రాదు. వైరస్‌ను తేలిగ్గా వదిలించుకునేది ప్రోటీన్ రాని టీటీ వాళ్లే. వైరస్‌ను అడ్డుకునే జన్యువు పాడైపోయి ఉంటేనే వైరస్ తేలిగ్గా పోతోంది. తూర్పు ఆసియాలో టీటీ చాలా ఎక్కువ, ఆఫ్రికాలో జీ ఎక్కువ.

మీ నోట్సులో 9, 12, 19 మూడూ వేర్వేరు పేజీల్లో రాసుకుని, రిసెప్టర్ల పేజీలో 21 పెట్టుకోండి. ఆ పేజీలోనే గామా రిసెప్టర్ రెండో ముక్క 6 మీద, లామ్డా రిసెప్టర్ రెండో ముక్క 1 మీద ఉన్నాయని కూడా చేర్చండి, వచ్చేసారి అడగాల్సిన పని తప్పుతుంది.